సృష్టికర్త పక్కకు తప్పుకున్నాక భాషను నడిపేది ఎవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రోగ్రామింగ్ భాషల పుట్టుక గురించి గత నెల ఈ శీర్షికలో రాసినప్పుడు, పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రోసమ్ 2018లో నాయకత్వం వదులుకున్నారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే అడిగాయి. అందుకని ఈ సంచికలో వేరే విషయం ఏదీ తీసుకోకుండా, వాటిలో ఐదు ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: కుటుంబ వ్యాపారంలోనైనా, మఠంలోనైనా పెద్దవారు తప్పుకునే ముందు ఫలానా వారిని అనుసరించండి అని ఒకరిని చూపించి వెళతారు. పైథాన్ సృష్టికర్త ఎవరినీ చూపించలేదని విన్నాను. అది బాధ్యతను గాలికి వదిలేయడం కాదా? — డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, తెనాలి

కాదనే నా అభిప్రాయం. అయితే జరిగినదంతా చెప్పకుండా ఆ మాట అనడం సబబు కాదు కనుక ముందు అది చెబుతాను.

గిడో 1989 డిసెంబరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో ఉద్యోగం చేస్తూ, క్రిస్మస్ సెలవుల్లో ఈ భాష పని మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో దాన్ని అందరికీ విడుదల చేశారు. 1995 నాటికి తోటివారు ఆయనకు ‘బెనవలెంట్ డిక్టేటర్ ఫర్ లైఫ్’ అనే బిరుదు ఇచ్చారు. అంటే జీవితాంతం ఉండే దయగల నియంత అని. చనువుతో పెట్టిన పేరే అయినా అందులో నిజం ఉంది. భాషలో ఏ మార్పు కావాలన్నా దాన్ని ‘పెప్’ అనే ప్రతిపాదన పత్రంగా రాయాలి, దానిపై ఎవరైనా ఎంతసేపైనా వాదించవచ్చు, కాని చివరి మాట మాత్రం గిడోది.

2018లో వాదన పెప్ 572 మీద వచ్చింది. అది కోరినది చాలా చిన్న సౌకర్యం. ఒక వాక్యంలో ఒక పదం కోసం వెతికి, దొరికితే దానితో ఏదో చేయాలనుకోండి. అప్పటిదాకా పైథాన్‌లో ఒక వరుసలో వెతికి ఫలితానికి పేరు పెట్టాలి, రెండో వరుసలో ఆ పేరు ఖాళీగా ఉందో లేదో పరీక్షించాలి. కోలన్, ఈక్వల్ గుర్తులు రెండూ పక్కపక్కన రాస్తే పేరు పెట్టడం, పరీక్షించడం ఒకే వరుసలో అయిపోతాయని ఆ ప్రతిపాదన. ఆ రెండు గుర్తులూ కలిసి వాల్రస్ అనే సముద్ర జంతువు కళ్లలా, దంతాల్లా కనిపిస్తాయని దానికి తరువాత వాల్రస్ ఆపరేటర్ అనే పేరు స్థిరపడింది. ఒకే పనికి రెండు దారులు పెట్టి భాష సరళతను చెడగొడుతున్నారని ఒక వర్గం, రోజువారీ కోడ్ తేలికవుతుందని మరో వర్గం నెలల తరబడి వాదించుకున్నాయి. గిడో ఆ పత్రానికి సహ రచయిత కూడా కావడంతో విమర్శ నేరుగా ఆయన మీదికే వచ్చింది. ఆయన దాన్ని ఆమోదించారు. ఆ వెంటనే, 2018 జూలై 12న, కోర్ డెవలపర్లకు, అంటే భాష కోడ్‌ను నేరుగా మార్చే అధికారం ఉన్నవారికి, ఒక లేఖ రాశారు. ఒక ప్రతిపాదన కోసం ఇంతగా పోరాడి, చివరికి తన నిర్ణయాన్ని ఇంతమంది ఈసడించుకోవడం చూడవలసిన స్థితి ఇక వద్దని, శాశ్వత సెలవు తీసుకుంటున్నానని, మామూలు కోర్ డెవలపర్‌గా కొంతకాలం అందుబాటులో ఉంటానని అందులో చెప్పారు. వయసును, ఆరోగ్యాన్ని కూడా ప్రస్తావించారు.

వారసుణ్ణి నియమించబోనని ఆ లేఖలోనే స్పష్టంగా ఉంది. అయితే రోజువారీ పనుల గురించి తనకు బెంగ లేదనీ, తేల్చుకోవలసినవి రెండేననీ కూడా రాశారు: ప్రతిపాదనలపై నిర్ణయం ఎలా జరగాలి, కొత్త కోర్ డెవలపర్లను ఎలా చేర్చుకోవాలి. బాధ్యత వదిలేసుకునేవారు ఇంత కచ్చితంగా ప్రశ్నలు గీసి ఇచ్చి వెళ్లరు.

ఆయన ఎవరినైనా చూపించి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. గిడో మాటకున్న బరువు ఆయన ఆ భాషను పుట్టించినందువల్ల, దాదాపు ముప్పై ఏళ్లు పెంచినందువల్ల వచ్చింది. ఆ బరువు చేతులు మార్చి ఇవ్వగలిగేది కాదు. ఆయన వేలు చూపిన వ్యక్తి అరువు తెచ్చుకున్న పెద్దరికంతో, పెప్ 572 మిగిల్చిన కోపతాపాలన్నిటినీ మొదటి రోజు నుంచే మోయవలసి వచ్చేది. ఎన్నుకున్నవారిని కాదనడానికి ఒక పద్ధతి ఉంటుంది. నియమితులైనవారిని కాదనాలంటే నియమించినవారిని కాదనాలి.

ఈ ప్రశ్న నిజానికి చాలా పాతది. గిడోను బస్సు గుద్దితే పైథాన్ ఏమవుతుందని 1994లోనే ఒకరు బహిరంగంగా అడిగారు. ఇరవైనాలుగేళ్లపాటు దానికి రాతపూర్వకమైన జవాబు లేకుండానే ఆ భాష ప్రపంచమంతా వ్యాపించింది. ఈ వ్యవహారంలో తప్పు పట్టవలసినది ఏదైనా ఉంటే నేను ఆ ఇరవైనాలుగేళ్ల జాప్యాన్ని పడతాను కాని, వారసుణ్ణి చెప్పకపోవడాన్ని కాదు.

ఆ తరువాతి ఐదు నెలలను నేను చాలా ఇష్టంగా చదువుకున్నాను. కోర్ డెవలపర్లు ముందుగా ఇతర ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో పరిశీలించారు. రస్ట్, జాంగో, జుపిటర్, ఓపెన్‌స్టాక్ వంటివాటి పద్ధతులను ఒక పత్రంలో క్రోడీకరించారు. ఎలా నిర్ణయించాలో నిర్ణయించేది ఎలా అన్న చిక్కుముడి వచ్చింది. అందుకని ఓటు ఎవరికి ఉంటుంది, లెక్కింపు ఎలా ఉంటుంది అన్న విషయాలకు విడిగా ఒక పత్రం రాసి, అందరూ ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లారు. పాలన ఎలా ఉండాలన్న దానిపై ఏడు ప్రతిపాదనలు వచ్చాయి. మళ్లీ ఒక్కరే నాయకుడు ఉండాలని ఒకటి, ముగ్గురు ఉండాలని ఒకటి, కోర్ డెవలపర్లు కానివారితో బయటి మండలి ఉండాలని మరొకటి, ఇలా. 2018 డిసెంబరు 1 నుంచి 16 వరకు ఓటింగ్ జరిగింది. ఒక్కదానికి టిక్కు పెట్టడం కాకుండా, నచ్చిన క్రమంలో అన్నిటికీ వరుస సంఖ్యలు ఇవ్వాలి. ఏ రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చినా గెలిచే ప్రతిపాదనే నెగ్గుతుంది. మొదటి ఎంపికలు ఏడు ముక్కలుగా చీలిపోయి, ఎక్కువమందికి నచ్చనిది నెగ్గే ప్రమాదాన్ని ఈ లెక్కింపు తప్పిస్తుంది. నథానియెల్ స్మిత్, డోనల్డ్ స్టఫ్ట్ రాసిన పెప్ 8016 గెలిచింది. ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ దాని సారాంశం.

2019 ఫిబ్రవరి ఆరంభంలో తొలి కౌన్సిల్ ఫలితం వచ్చింది: బారీ వార్సా, బ్రెట్ కానన్, కారల్ విల్లింగ్, నిక్ కోగ్లన్, వీరితో పాటు గిడో వాన్ రోసమ్. అవును, ఆయనే. నియంతగా దిగిపోయిన మనిషి అభ్యర్థిగా నిలబడి, ఐదుగురిలో ఒకరిగా ఒక్క ఓటుతో కూర్చున్నారు. మరుసటి ఎన్నికకు తన పేరు ఉపసంహరించుకున్నారు. ఈ రెండు అడుగుల్లో మొదటిదే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. కొత్త పద్ధతికి తానే లోబడి చూపించకపోతే, కౌన్సిల్ ప్రతి నిర్ణయం తరువాతా జనం తల తిప్పి ఆయన వైపే చూసేవారు.

హైదరాబాద్ పాఠకుల కోసం ఒక మాట. గిడో తప్పుకున్న 2018లోనే, పైథాన్ వాడేవారి పైకాన్ ఇండియా సదస్సు అక్టోబరులో మన హైదరాబాదులోనే జరిగింది. పాత నాయకుడు దిగిపోయి, కొత్త పద్ధతి ఇంకా తేలని ఆ నడిమి కాలంలోనే పైథాన్ మీద బతికే వందలమంది ఇక్కడ కలుసుకున్నారు. పని మాత్రం ఎక్కడా ఆగలేదు. వాల్రస్ ఆపరేటర్ కూడా 2019 అక్టోబరులో 3.8 వెర్షన్‌తో పాటు వచ్చింది.

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా పైథాన్‌లోనే పని చేస్తున్నాను. కౌన్సిల్ ఎన్నికలో నాకు ఓటు ఉందా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, విశాఖపట్నం

లేదమ్మా. ఓటు కోర్ డెవలపర్లకే. భాషను వాడేవారు కోట్లమంది, దాన్ని మరమ్మతు చేసేవారు వందమంది అటూఇటూ. వాడేవారందరికీ ఓటు ఇస్తే దాని ఫలితాలను మోయవలసినది మాత్రం ఆ కొద్దిమందే. అయితే ఆ తలుపు మూసి లేదు. కోడ్, డాక్యుమెంటేషన్, తప్పుల నివేదికల పరిశీలన, ఇలా ఏదో ఒక మార్గంలో నిలకడగా పనిచేస్తూ వస్తే, ఇప్పటికే ఉన్న సభ్యుల ఓట్లలో మూడింట రెండు వంతుల మద్దతుతో మీరూ సభ్యులు కావచ్చు. ఓటు లేకపోయినా ప్రతిపాదన రాసే హక్కు, చర్చలో మాట్లాడే హక్కు మీకు ఈ రోజే ఉన్నాయి.

ప్రశ్న: ఈ కోర్ డెవలపర్లలో చాలామంది పెద్ద కంపెనీల ఉద్యోగులే కదా. ఏదో ఒక కంపెనీ తన మనుషులను నింపేసి భాషను సొంతం చేసుకోకుండా ఆపేది ఏమిటి? — చార్టర్డ్ అకౌంటెంట్, హనుమకొండ

మీ వృత్తి తెలుస్తూనే ఉంది, సరైన చోటే వేలు పెట్టారు. పైథాన్ పాలనా పత్రానికి పెప్ 13 అని పేరు. అందులో ఈ సంగతి సూటిగా రాసి ఉంది: ఒకే యజమాని దగ్గర పనిచేసేవారు ఐదుగురిలో ఇద్దరికి మించి ఉండకూడదు. ఒకే కంపెనీ వారు ముగ్గురు మొదటి ఐదు స్థానాల్లో గెలిస్తే, ఆ ముగ్గురిలో తక్కువ ఓట్లు వచ్చినవారు పక్కకు జరగాలి, ఆరో స్థానంలో ఉన్నవారు లోపలికి వస్తారు.  సభ్యుణ్ణి గాని, మొత్తం కౌన్సిల్‌ను గాని తొలగించాలంటే ఒక కోర్ డెవలపర్ అవిశ్వాసం ప్రతిపాదించి, మరొకరు బలపరిస్తే చాలు, ఓటింగ్ పెట్టాలి. మూడింట రెండు వంతులు వస్తే దిగిపోవాలి. పెప్ 13ను కౌన్సిల్ తనంతట తాను మార్చుకోలేదు, దానికీ కోర్ బృందం ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి.

డబ్బు సంచి ఒకరి దగ్గర, భాష నిర్ణయాలు మరొకరి దగ్గర ఉండటం రెండో కట్టడి. 2001లో ఏర్పడిన పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ట్రేడ్‌మార్కులను, విరాళాలను, సదస్సులను చూసుకుంటుంది. భాషలో ఏ గుర్తు ఉండాలో అది చెప్పదు. మూడో కట్టడి లైసెన్సులోనే ఉంది. కోడ్ ఎవరైనా తీసుకుని వేరే కాపురం పెట్టవచ్చు, దాన్నే ఫోర్క్ అంటారు. 2014 డిసెంబరులో, జావాస్క్రిప్ట్‌ను సర్వర్లపై నడిపే నోడ్ జేఎస్ ప్రాజెక్టులో ఇదే జరిగింది. జాయెంట్ అనే కంపెనీ చేతిలో పాలన నత్తనడక నడుస్తోందని ముఖ్యమైన డెవలపర్లు ఐవో జేఎస్ పేరుతో విడిపోయి, బహిరంగ సాంకేతిక కమిటీతో నడుపుకొన్నారు. ఏడాది తిరగకుండానే, 2015 సెప్టెంబరులో, రెండూ ఒక ఫౌండేషన్ కింద మళ్లీ కలిశాయి. విడిపోయిన వర్గం కోరిన పాలనా పద్ధతే కలిసిన ప్రాజెక్టుకు వచ్చింది.

అన్ని భాషలూ ఇలా ఉండాలని లేదు. గో భాష గూగుల్ గొడుగు కిందే ఉంది. 2024లో రస్ కాక్స్ సాంకేతిక నాయకత్వం నుంచి తప్పుకున్నప్పుడు ఆస్టిన్ క్లెమెంట్స్ ఆ స్థానంలోకి వచ్చారు, ఎన్నిక లేదు, గందరగోళమూ లేదు. రూబీకి నేటికీ దాని సృష్టికర్త యుకిహిరో మత్సుమొతో మాటే తుది మాట. వాడేవారికి ముందే తెలిసి ఉన్నంతవరకు అది వారి ఇష్టం.

కానీ అయ్యా, ఆక్రమణ కంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకొకటి ఉంది. కంపెనీలు హఠాత్తుగా వెళ్లిపోవడం. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తీసివేసినప్పుడు రస్ట్ భాష మీద పనిచేసేవారు పలువురు అందులో ఉన్నారు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగాలు తగ్గించినప్పుడు, పైథాన్ వేగం పెంచే పనిలో ఉన్న కోర్ డెవలపర్లలో కొందరు ఉద్యోగం కోల్పోయారు. ఐదుగురిలో ఇద్దరే అన్న నియమం పెత్తనాన్ని ఆపగలదు, జీతం ఇవ్వలేదు. 2021 నుంచి ఫౌండేషన్ తన సొంత పద్దు కింద ఒక డెవలపర్‌ను పూర్తికాల ఉద్యోగిగా పెట్టుకోవడం ఈ దిశగా మంచి ఆరంభం. అయితే దానికీ మొదట డబ్బు ఇచ్చింది గూగులే.

ప్రశ్న: ఒక్కరి పెత్తనం లేకుండా మొదటి నుంచీ బృందాలతో నడిచిన రస్ట్‌లోనే ఎక్కువ గొడవలు జరిగాయంటారు. మరి ప్రజాస్వామ్యం వల్ల ఒరిగిందేమిటి? — ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

రస్ట్ సృష్టికర్త గ్రేడన్ హోర్ 2013లోనే తప్పుకున్నారు, 1.0 వెర్షన్ వచ్చింది 2015 మేలో. అంటే పుట్టించినవారు లేకుండానే ఆ భాష పెరిగి పెద్దదైంది. అది గొప్ప విషయమే. కంపైలర్, భాష, లైబ్రరీ అంటూ ఒక్కో పనికి ఒక్కో బృందం, అన్నిటి పైన కోర్ టీమ్ ఉండేవి. ఆ కోర్ టీమ్‌ను ఎవరు ప్రశ్నించాలన్నది మాత్రం ఎక్కడా గట్టిగా రాసుకోలేదు.

2021 నవంబరులో మోడరేషన్ బృందం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. సభ్యుల మధ్య ప్రవర్తనా నియమావళి అమలు చేయడం ఆ బృందం పని. అదే నియమావళిని కోర్ టీమ్ మీద అమలు చేయడం తమ వల్ల కావడం లేదని, కోర్ టీమ్ తనకు తాను తప్ప మరెవరికీ జవాబుదారీ కాకుండా ఉందని వారు చెప్పారు. గ్రామ పెద్దలకు జరిమానా వేయలేని పంచాయతీ మిగతావారికి వేసే జరిమానాకు విలువేముంటుంది? ఆ తరువాత తాత్కాలిక ఏర్పాటుగా నాయకులందరూ ఒక గుంపుగా మాట్లాడుకుంటూ వచ్చారు. అది ఇంకా చేటు చేసింది. 2023లో రస్ట్ సదస్సులో ప్రధానోపన్యాసానికి ఆహ్వానించిన వక్త స్థాయిని తగ్గించాలని ఆ గుంపు నుంచి కబురు వెళ్లింది. ఆ వక్త తప్పుకున్నారు. ఆ నిర్ణయం ఎవరిదని అడిగితే సూటిగా ఒక పేరు చెప్పగలిగే ఏర్పాటు అక్కడ లేకపోయింది.

అందుచేత బాబూ, అక్కడ విఫలమైనది ప్రజాస్వామ్యం కాదు. ఎవరు, ఏ అధికారంతో, ఎవరికి జవాబు చెబుతూ నిర్ణయిస్తారో రాసుకోకపోవడం విఫలమైంది. ఒక్కరే నాయకుడైతే కనీసం ఎవరి మీద కోపగించుకోవాలో తెలుస్తుంది. పదిమంది ఉండి, పేరూ బాధ్యతా లేకపోతే అదీ తెలియదు. 2023 జూన్‌లో రస్ట్ ఈ లోపాన్ని సరిదిద్దుకుంది. పాత కోర్ టీమ్ స్థానంలో నాయకత్వ మండలి వచ్చింది. ప్రతి ప్రధాన బృందం తన ప్రతినిధిని తానే పంపుతుంది, మోడరేషన్ బృందానికి కూడా అందులో కుర్చీ ఉంది. పెర్ల్ సైతం 2020 చివరలో ముగ్గురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌కు మారింది. ఎన్నో ఏళ్లు ఒకరి తరువాత ఒకరికి వ్యక్తిగతంగా బాధ్యత అప్పగిస్తూ వచ్చిన ప్రాజెక్టు అది.

ప్రశ్న: కళాశాలలో ఉండగా ఇద్దరు మిత్రులతో కలిసి తెలుగు పదాల అక్షరదోషాలు చూపించే చిన్న ఓపెన్ సోర్స్ సాధనం చేశాను. ఇప్పుడు కొన్ని వందలమంది వాడుతున్నారు. వచ్చే నెల ఉద్యోగంలో చేరుతున్నాను, సమయం ఉండదు. మా అంతటి చిన్న ప్రాజెక్టుకు కౌన్సిళ్లు, ఎన్నికలు అవసరమా? — పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఎన్నికలు అవసరం లేదు తల్లీ. ఒక పేజీ రాత మాత్రం అవసరం, అది ఉద్యోగంలో చేరకముందే.

పన్నెండేళ్ల క్రితం నేనూ ఒక చిన్న తెలుగు లిప్యంతరీకరణ సాధనంలో పనిచేశాను. నలుగురం కోడ్ రాసేవాళ్లం. వెబ్ చిరునామా మాత్రం ఒక్క మిత్రుడి పేరు మీద, అతని పాత ఈమెయిల్‌తో కొని ఉంది. అతను విదేశంలో ఉద్యోగానికి వెళ్లాడు, ఆ ఈమెయిల్ చూడటం మానేశాడు. చిరునామా గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ దానికే వెళ్లాయి. ఒకరోజు ఉదయం మా సాధనం తెరిస్తే ఏదో ప్రకటనల పేజీ వచ్చింది. కోడ్ అంతా మా దగ్గర భద్రంగానే ఉంది, వాడుకరులకు చేరే దారి మాత్రం పోయింది. అతని తప్పేమీ లేదు, మాలో ఎవరమూ అడగలేదు. ఆ చిరునామాను బ్రౌజరులో దాచుకున్నవారు తరువాత ఎన్నాళ్లు ఆ ప్రకటనలు చూశారో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కనుక ముందుగా తాళాల సంగతి చూడండి. కోడ్ దాచే రిపోజిటరీ, వెబ్ చిరునామా, ప్యాకేజీ విడుదల చేసే ఖాతా, ఈ మూడింటికీ మీరు కాక మరొకరికైనా పూర్తి యజమాని హక్కు ఉండాలి. రిపోజిటరీ వ్యక్తిగత ఖాతాలో ఉంటే ఉమ్మడి సంస్థ ఖాతాకు మార్చండి. తరువాత ఆ ఒక్క పేజీ రాయండి: మార్పులను కలిపే అధికారం ఎవరెవరికి ఉంది, ఇద్దరికీ కుదరకపోతే చివరి మాట ఎవరిది, కొత్తవారిని ఎలా చేర్చుకుంటారు, ఎన్ని నెలలు పలకకపోతే ఒకరి హక్కులను పక్కన పెట్టవచ్చు. పైథాన్‌లోనే రెండేళ్లపాటు ఏ పనీ చేయని కోర్ డెవలపర్‌ను క్రియాశీలం కానివారి జాబితాలోకి మారమని అడిగే నియమం ఉంది. మీకు ఆరు నెలలు చాలేమో. అది అవమానం కాదని, తిరిగి వచ్చినప్పుడు తలుపు తెరిచే ఉంటుందని కూడా అదే పేజీలో రాయండి.

మీ స్థానంలో ఎవరిని పెట్టాలన్నది మీ మిత్రులిద్దరితో కూర్చుని తేల్చుకోండి. ఎక్కువ కోడ్ రాసినవారినే ఎంచుకోవాలని లేదు. ఇతరుల తప్పుల నివేదికలకు ఓపికగా జవాబు రాసేవారు ఎవరో మీ రిపోజిటరీలో ఆరు నెలలు వెనక్కి వెళ్లి చూస్తే మీకే తెలుస్తుంది. నిర్ణయం అయ్యాక, మీరు ఇంకా ఉండగానే, తరువాతి విడుదలను మొదటి నుంచి చివరి దాకా వారి చేతే చేయించండి. మధ్యలో ఏ పాస్‌వర్డ్ కోసం, ఏ సందేహంతో మీకు ఫోన్ చేశారో రాసుకోండి. ఆ పేజీలో ఇంకా చేర్చవలసినవి అవే.